అటక మీది కొంగ గుర్తు

గోపాలపట్నంలో హైవే పక్కన మా ఆయన మోటారు స్పేర్ పార్టుల దుకాణం పెట్టే నాటికి మా పెళ్లయి ఏడాది తిరగలేదు. డెబ్భైల మొదట్లో సంగతి. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం, రెండింటి మీదా సిమెంటు రేకుల కప్పు. పోర్టుకి వెళ్లే లారీలు, పెందుర్తి వైపు నుంచి వచ్చే వ్యాన్లు, స్టేషనుకి పోయే టాక్సీలు అన్నీ మా గుమ్మం ముందు నుంచే పోయేవి. అందులో ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట ఆగిపోకుండా ఉండదనీ, దాని డ్రైవరు మా దగ్గరికే వస్తాడనీ మా ఆయన ధీమా. ఆ ధీమా వమ్ము కాలేదు. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక జీపులు కూడా తోడయ్యాయి.

నేను కౌంటరు దగ్గర కూర్చోవడం మొదట్లో ఆయన భోజనానికి లేచినప్పుడు మాత్రమే. తర్వాత తర్వాత ఆయన సరుకు కోసం ఊళ్లు తిరిగినప్పుడల్లా నేనే. మోటారు సామాన్ల దుకాణంలో ఆడమనిషిని చూసి డ్రైవర్లు గుమ్మంలోనే ఆగిపోయి, ఆయన లేరా అని అడిగేవారు. ఉన్నా ఇచ్చేది ఇదే సామానని చెప్పేదాన్ని. నాకు నోరు కాస్త ఎక్కువేనని మా అమ్మ పెళ్లికి ముందే ఆయనతో చెప్పేసింది కాబట్టి, ఆ విషయంలో ఫిర్యాదు చేసే అవకాశం ఆయనకి లేకుండా పోయింది.

ఆ వ్యాపారం ఎలాంటిదో కొన్నాళ్లకి నాకు బాగా అర్థమైంది. చీర కొనేవాళ్లు మడత విప్పి చూస్తారు. బియ్యం కొనేవాళ్లు గుప్పెట్లోకి తీసుకుని చూస్తారు. స్పేర్ పార్టు కొనేవాడు మాత్రం అట్టపెట్టె మీది బొమ్మ చూస్తాడు, ఆ తర్వాత కొట్టువాడి మొహం చూస్తాడు. అంతే. లోపలున్నది మంచిదో కాదో బండికి బిగించి నడిపితేగాని తెలియదు. డ్రైవర్లలో చాలామందికి పెట్టె మీది ఇంగ్లీషు చదవడం రాదు, అందుకని సరుకుని బొమ్మ పేరుతోనే అడిగేవారు. గొడ్డలి గుర్తు బేరింగులు, తామర గుర్తు ప్లగ్గులు, అలాగే కొంగ గుర్తు బ్రేకు రబ్బర్లు.

ఈ కొంగ గుర్తు గురించి కాస్త చెప్పాలి. కారు బ్రేకు తొక్కితే సన్నటి గొట్టాల్లోంచి ఆయిల్ నాలుగు చక్రాల దగ్గరికీ తోసుకుని వెళుతుంది. ప్రతి చక్రం దగ్గరా ఉండే చిన్న సిలిండర్‌లో, ఆ ఆయిల్ బయటికి కారిపోకుండా పట్టి ఉంచేవి రెండు రబ్బరు వాషర్లు. గిన్నెల్లా గుంటగా ఉంటాయని మెకానిక్కులు వాటిని బకెట్లు అనేవారు. చూడ్డానికి సీసా మూతంత ఉంటాయి. అవి చెడిపోతే ఆయిల్ కారిపోతుంది, తొక్కిన పెడల్ తొక్కినట్టే నేలకి దిగిపోతుంది, బండి ఆగదు. మద్రాసులో తయారయ్యే కొంగ గుర్తు బకెట్లకి మా వైపు తిరుగు లేదు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ పెట్టె మీదే కాదు, వాషరు వీపు మీద కూడా అచ్చు పోసి ఉండేది.

మా ఆయనకి ఆ కంపెనీ మీద ఉన్నది వ్యాపారపు గురి మాత్రమే కాదు. దుకాణం పెట్టిన కొత్తలో ఆయన సరుకు కోసం మద్రాసు వెళితే, కంపెనీ యజమాని, ఒక ముసలాయన, తనే దగ్గరుండి ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించి, తన పక్కన కూర్చోబెట్టుకుని ఇడ్లీ పెట్టించాడట. ఒక వాషరుని రెండు వేళ్లతో నలిపి, మెలిపెట్టి వదిలి, చూడు ఎలా తిరిగి లేచిందో అన్నాడట. ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానంటే, మా ఆయన ఇడ్లీ దగ్గరికి వచ్చేసరికి చట్నీ సంగతి నేనే అందించేదాన్ని.

అలాంటి కంపెనీ అమ్ముడుపోయిందన్న కబురు డెబ్భైల చివర్లో వచ్చింది. ముసలాయన పోయాడు, కొడుకులకి ఆసక్తి లేదు, ఎవరో పెద్ద కంపెనీ వాళ్లు ఫ్యాక్టరీనీ కొంగనీ కలిపి కొనేశారు. ఆ మాట విని మా ఆయన మొహం వేలాడేసుకుని కూర్చున్నారు. దానికి కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఫ్యాన్ బెల్టుల కంపెనీ ఒకటి ఇలాగే చేతులు మారింది. అదే పేరు, అదే పెట్టె. లోపలి బెల్టు మాత్రం నెల తిరగకుండా అంచులు పీచు లేచిపోయేది. డ్రైవర్లు తెగిన బెల్టులు తెచ్చి, ఏమీ అనకుండా మా కౌంటరు మీద పడేసి నిలబడేవారు. వాళ్లు తిట్టినా బాగుండేది. ఆ బెల్టులు మా ఆయన మంచివని చెప్పి అమ్మినవి. చెడ్డపేరు వచ్చింది మాకే, బొంబాయిలో కంపెనీ కొన్నవాళ్లకి కాదు. అప్పటినుంచి చేతులు మారిన సరుకంటే ఆయనకి ఒకటే భయం.

కొత్త కొంగ పెట్టెలు వచ్చాయి. నీలం రంగు కాస్త వెలిసినట్టుంది. అట్ట పల్చబడింది. ఒంటికాలి మీద నిలబడే కొంగ ఇప్పుడు రెండు కాళ్ల మీదా నిలబడింది. వాషరు వీపు మీద కొంగ బదులు ఏదో నంబరు పోశారు. మా ఆయన ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, చూశావా, అప్పుడే మొదలైంది అన్నారు. పాపం ఇన్నేళ్లు నిలబడి కాలు తిమ్మిరెక్కి రెండోది కూడా దించి ఉంటుంది, దానికేం అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఏమిటంటే, పాత కొంగని వెతుక్కుంటూ ఊళ్లు తిరగడం. అనకాపల్లి, విజయనగరం, బొబ్బిలి, ఎక్కడెక్కడి కొట్లలో పాత పెట్టెలు మిగిలిపోయి ఉన్నాయో అక్కడల్లా వాలిపోయి మొత్తం ఎత్తుకొచ్చారు. ఆ కొట్లవాళ్లు సంతోషంగా ఇచ్చేశారు. వాళ్ల దృష్టిలో అది కదలని సరుకు. ఆయన దృష్టిలో ఇక దొరకని సరుకు. ముందు గదిలో చోటు లేక, రేకుల కింద చెక్కలతో అటక కట్టించి అందులో సర్దారు. చిట్టచివరి పెట్టెలు రేకుకి ఆనుకునేంత వరకు పేర్చారు. నాకు పిండి జల్లెడ పెట్టుకోవడానికి కూడా ఆ ఇంట్లో ఒక మూల దొరికేది కాదు, బ్రేకు రబ్బర్లకి మాత్రం మేడ కట్టారు.

కొత్త పెట్టెలు ముందు అరల్లో ఉండేవి. వచ్చిపోయేవాళ్లకి అవి. అటక మీదివి మనవాళ్లకి. మా వైపు ఏ కొట్టులోనైనా ఇది ఉన్నదే. బజారు సరుకు వేరు, లోపలి సరుకు వేరు. మనవాళ్లు ఎవరైనా వస్తే మా ఆయన గొంతు తగ్గించి, ఒక్క నిమిషం ఉండమని చెప్పి, నిచ్చెన వేసుకుని పైకెక్కేవారు. దుమ్ము తుడుచుకుంటూ దిగి, పెట్టెని కాగితంలో చుట్టి చేతిలో పెట్టేవారు. పుచ్చుకున్నవాళ్ల మొహాలు వెలిగిపోయేవి. అలా పుచ్చుకున్నవాళ్లలో మా చర్చి అయ్యగారున్నారు, ఆయనకో పాత జీపు ఉండేది. దువ్వాడలో మా ఆయన పినతండ్రి కొడుకున్నాడు. జాలరిపేటలో చేపల వ్యాను నడిపే ఒకాయన ఉన్నాడు. ఆయన వచ్చినప్పుడల్లా నాకోసం మంచి వంజరం ముక్క తాటాకు బుట్టలో పెట్టి తెచ్చేవాడు కాబట్టి, మా ఇంటి లెక్కలో ఆయనా మనవాడే. అందరికంటే ముందు మా అన్నయ్య.

అన్నయ్యది స్టేషను దగ్గర టాక్సీ. చాలాకాలం ఒకరి కారు నడిపి, చివరికి సొంత అంబాసిడర్ కొనుక్కున్నాడు. ఆ కారే వాడికి ఇల్లూ పొలమూ. వాడికీ మా ఆయనకీ బావా బావా అని మొదలుపెడితే పూట గడిచిపోయేది. నా వంట మీదా, నా నోటి మీదా వాళ్లిద్దరూ కలిసి వేళాకోళం చేసుకునేవారు. అన్నయ్యకి ఒక గుణం ఉండేది. మా ఆయన చేతిలో పెట్టిన సామానుని వాడు విప్పి చూసేవాడు కాదు. పెట్టె తీసుకుని, జేబులో వేసుకుని వెళ్లిపోయేవాడు. చూసుకోరా అని నేనంటే, బావ ఇచ్చినాడు కదే, ఇంకేటి సూసీది అనేవాడు.

ఇలా మూడు నాలుగు వేసవులు గడిచాయి. ఈలోగా నాకొక అనుమానం మొదలైంది. కొత్త కొంగ వాషర్లు మేము ముందు అరలోంచి ఎన్నో అమ్మాం. ఒక్కడు కూడా తిరిగి తెచ్చి కౌంటరు మీద పడేయలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. మొదట మంచిదిచ్చి మార్కెట్టు పట్టుకుంటారు, అసలు రంగు తర్వాత బయటపడుతుంది, ఆగు అన్నారు. ఆయన అంత గట్టిగా చెబితే నాకు అవునేమో అనిపించేది. బెల్టుల సంగతి నేనూ మర్చిపోలేదు కదా.

ఎనభైల మొదట్లో, ఎండలు ముదరక ముందే, అన్నయ్య కారుకి బ్రేకులు మొత్తం విప్పించి కొత్త బకెట్లు వేయించుకున్నాడు. అటక మీది కొంగే. వేసవంతా నడిచింది. మధ్యలో పెడల్ కాస్త మెత్తగా ఉందని వాడన్నాడు, గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది, తీయించమని మా ఆయన చెప్పారు. తీయించాడు. బాగుందన్నాడు.

వానలు పడబోయే ముందు ఒక ఉదయం అన్నయ్య పై ఊరి కుటుంబాన్ని సింహాచలం కొండ మీదికి తీసుకెళ్లాడు. ఒక ముసలాయన, ఆయన భార్య, పెళ్లయిన కూతురు. దర్శనం చేసుకుని దిగుతున్నారు. రెండో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ నేలకి తగిలిపోయింది. మళ్లీ తొక్కినా అంతే. వాడు గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, లోయ వైపు పోనివ్వకుండా కారుని కొండ వైపు గోడకి రాసుకుంటూ పోనిచ్చాడు. కారు మూల నుజ్జయి ఆగింది. వెనక కూర్చున్నవాళ్లకి గీతలు పడ్డాయి, ముసలావిడకి నుదురు చిట్లింది. అన్నయ్యకి కుడి చెయ్యి, భుజం దగ్గరి ఎముక విరిగాయి. ఎదురుగా బస్సు వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను అప్పుడూ ఆలోచించలేదు, ఇప్పుడూ ఆలోచించను.

కబురు విని పెద్దాసుపత్రికి పరుగెత్తాం. వాడు కట్టుతో పడుకుని ఉన్నాడు. మా ఆయన పక్కన కూర్చుని, ఎలా ఉందని కూడా అడక్కుండా, ఆ బకెట్లు ఎక్కడివని అడిగారు. నాకు ఒళ్లు మండింది. అన్నయ్య కళ్లు మూసుకునే జవాబు చెప్పాడు.

"నీయే బావా. నువ్విచ్చినయే. నానింకెక్కడ కొంటాను?"

మా ఆయన లేచి వాడి దుప్పటి సర్దారు. బయటికి వచ్చాక మాత్రం, మెకానిక్కు మార్చేసి ఉంటాడు, పాత కొంగ దాచుకుని కొత్తది బిగించి ఉంటాడు అన్నారు. దారి పొడుగునా అదే మాట. ఆయన దాన్ని నమ్మడం లేదు, నమ్మాలని గట్టిగా అనుకుంటున్నారు. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది.

కారుని మా వీధి చివర షెడ్డుకే లాక్కొచ్చారు. మరునాడు మా ఇద్దరి ఎదుటా మెకానిక్కు చక్రాలు విప్పాడు. ముందు ఎడమ చక్రం లోపలంతా ఆయిల్ కారి తడిసిపోయి ఉంది. సిలిండర్‌లోంచి వాషరుని పుల్లతో లాగి నా అరచేతిలో పెట్టాడు. చీర చెంగుతో తుడిచి చూశాను. వీపు మీద ఒంటికాలి కొంగ చక్కగా కనబడుతోంది. అంచు మాత్రం ఒకపక్క పెచ్చులా లేచిపోయింది. గోటితో నొక్కితే ఎండిన అట్టులా చిట్లింది. వేసేటప్పుడు చూసుకోలేదా అని మా ఆయన మెకానిక్కు మీద లేచారు. నువ్వు లోపల్నించి తీసి పంపిన సరుకుని నాను పరీచ్చ సేత్తానా అని అతను ఎదురడిగాడు.

ఇంటికొచ్చి నేనే నిచ్చెన వేసుకుని అటకెక్కాను. మిట్టమధ్యాహ్నం. అన్నేళ్లలో ఆ వేళప్పుడు నేనెప్పుడూ పైకి ఎక్కలేదు. రేకు మీద చెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. ఊపిరి ఆడలేదు. రేకుకి ఆనుకున్న పెట్టెలు అట్ట వంకర్లు తిరిగి ఉన్నాయి. కొన్ని చీరకొంగులో వేసుకుని దిగి, కౌంటరు మీద పోసి, ఇద్దరం ఒక్కొక్కటే గోటితో నొక్కాం. పై వరసలవన్నీ చచ్చిపోయి ఉన్నాయి. మధ్యవి కొన్ని బిరుసెక్కాయి. అటక అడుగున, గోడ వారన నీడలో ఉన్నవి మాత్రం ఇంకా మెత్తగా, మద్రాసు ముసలాయన నలిపి చూపించిన నాటి లాగే తిరిగి లేస్తున్నాయి. అప్పుడిక అనుమానమేముంది? కంపెనీ మోసం చెయ్యలేదు. పాతదీ చెయ్యలేదు, కొత్తదీ చెయ్యలేదు. మంచి రబ్బరుని మేమే ఏళ్ల తరబడి రేకుల కింద ఉడకబెట్టాం. అది కూడా దారినపోయేవాళ్లకి ఇవ్వకుండా, ఏరి ఏరి మనవాళ్లకే పంచాం.

మా ఆయన్ని తొలుస్తున్నది ఏమిటో నాకు తెలుసు. అటక మీది సరుకు పుచ్చుకున్న బళ్లు ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి. వాళ్లకి చెప్పాలి. చెబితే, ఇన్నాళ్లూ ఆయన ఇది బంగారం, అది బూడిద అని చెప్పిందంతా తలకిందులని ఒప్పుకోవాలి. మాట మీద నడిచే కొట్టు మాది. ఆ మాటే పోతే మూసుకోవాలి. చెప్పకపోతే, ఏ రోజు ఏ బండి సంగతి వింటామో తెలియదు.

"పోతే కొట్టు పోద్దండి. మనుసులు పోకూడదు," అన్నాను.

ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు. ముందు అరలోంచి కొత్త కొంగ పెట్టెలు సంచిలోకి ఎత్తుకుని, దుకాణం తలుపులు వేసి, స్కూటరు మీద నన్నూ ఎక్కించుకున్నారు. ఎవరికిచ్చామో వెతుక్కోనక్కర్లేదు. ఇష్టంగా ఇచ్చినవి కదా, అన్నీ జ్ఞాపకమే.

అయ్యగారు బకెట్లు మార్పించమని జీపు తాళాలు మా చేతికిచ్చి, ప్రార్థన చేసి పంపారు. దువ్వాడలో మా ఆయన తమ్ముడు, ఇంతోటిదానికి నీ దగ్గర తీసుకోవాలా అన్నయ్యా అని ముఖం మీదే అనేశాడు. పడ్డాం. ఆఖరికి జాలరిపేట చేరాం. చేపల వ్యాను ఆయన వల బాగు చేసుకుంటూ కూర్చున్నాడు. మా ఆయన చెప్పిందంతా విని వల కింద పెట్టేశాడు.

"అంత మంచిదని సెప్పి ఇచ్చినావని, నా తమ్ముడి బండికీ అదే ఏయించినాను బాబూ. ఆడు తెల్లారగట్ల సేపలేసుకుని పైకి ఎల్లినాడు."

పైకంటే కొండలెక్కే ఘాటు రోడ్డు. వాళ్ల గుమ్మంలో కూర్చున్నాం. ఆయన భార్య మాకు టీ ఇచ్చి, తను లోపల కూర్చోలేక రోడ్డు మీదికి వెళ్లి నిలబడింది. మా ఆయన తల ఎత్తలేదు. నేను దేవుడికి ఏమేమి మొక్కుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. పొద్దు వాలుతుండగా ఆ వ్యాను వచ్చింది. దిగిన కుర్రాడు అందరం అలా నిలబడి ఉండటం చూసి కంగారుపడ్డాడు. బ్రేకు ఎలా ఉందిరా అని అడిగితే, రెండుసార్లు తొక్కితేగాని పట్టట్లేదు, రేపు సూపిద్దామనుకున్నాను అన్నాడు. వాడి వదిన అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చేసింది. నేను కూడా.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో మా ఆయన లేచి నిలబడ్డారు. మేము మామూలుగా అక్కడ వినేవి జ్వరం తగ్గడం, పరీక్ష పాసవడం, ఉద్యోగం దొరకడం లాంటివి. బ్రేకు వాషర్ల మీద సాక్ష్యం వినడం మా సంఘానికి అదే మొదలు. కొత్త కొంగ చెడ్డదని నేను చెప్పింది తప్పు, నేనిచ్చిన పాత సరుకు ఎవరి బండిలో ఉన్నా రేపే తీయించుకోండి, కొత్తవి నేను వేయిస్తాను అని చెప్పి కూర్చున్నారు. ఎవరికీ స్తోత్రం అనాలో వద్దో తెలియలేదు. వెనక వరసలో ఒక పెద్దావిడ మెల్లిగా అంది, తర్వాత అందరూ అన్నారు.

ఊళ్లో అందరూ అంత మంచిగా ఏమీ లేరు. కొత్త కంపెనీ వాళ్లు ఇతన్ని కొనేశారని చెప్పుకున్నారు. రోజూ వచ్చే డ్రైవర్లలో కొంతమంది కనబడటం మానేశారు. కొట్టు మూతపడలేదు గాని, చాలాకాలం సన్నగా నడిచింది. అటక మీది సరుకులో మెత్తగా ఉన్నవి కూడా ఉంచుకోబుద్ధి కాలేదు ఆయనకి. చెత్తలో పారేస్తే ఎవరైనా ఏరుకుని వాడతారని, నన్ను అన్నిటినీ కత్తెరతో రెండు ముక్కలు చెయ్యమన్నారు. ఎన్ని పగళ్లు కూర్చుని కత్తిరించానో. మంచివాటిని కత్తిరించేటప్పుడు నాకు చాలా బాధేసింది. ఆయన ఆ గదిలోకే రాలేదు.

ఇదంతా విన్నవాళ్లు, అయితే కంపెనీ చేతులు మారితే సరుకు చెడదన్నమాట అంటారు. నేనలా అనను. బెల్టులు చెడ్డాయి, నా కళ్లతో చూశాను. ఇదే కొత్త కొంగ వాళ్లు తర్వాత కొన్నేళ్లకి బ్రేకు గొట్టాలు కూడా తెచ్చారు, అవి నాసిరకం, మేము వెనక్కి పంపేశాం. వాషర్లు మాత్రం మేము దుకాణం నడిపినన్నాళ్లూ బాగానే వచ్చాయి. యజమాని పేరు బట్టి ఏదీ చెప్పలేమని నా అభిప్రాయం. వచ్చిన ప్రతి సరుకునీ విప్పి, నొక్కి, చూసి అమ్మడం అప్పటినుంచీ మా పద్ధతయింది. దానికి ఓపిక కావాలి, అంతే.

అన్నయ్య చెయ్యి అతుక్కోవడానికి వానాకాలమంతా పట్టింది. కారు బాగుచేయించుకుని మళ్లీ స్టేషను దగ్గర నిలబెట్టాడు. మా ఇంటికి వచ్చేవాడు, అన్నం తినేవాడు, పిల్లల కబుర్లు చెప్పేవాడు. కారు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. సామాను టౌన్లో వేరే కొట్లో కొంటున్నాడని ఎవరో చెబితే తెలిసింది. మా ఆయన ఆ సంగతి విని సరేనన్నారు. భోజనాల దగ్గర వాళ్లిద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడుకునేవారు. నా కూరలో ఉప్పు ఎక్కువైనా ఇద్దరిలో ఒక్కరూ వేళాకోళం చెయ్యలేదు. ఆ మర్యాద నేను భరించలేకపోయాను. ఒకసారి వాడిని నిలబెట్టి అడిగేద్దామని వీధిలోకి వెళ్లి, వాడి భుజం ఇంకా వంగి ఉండటం చూసి వెనక్కి వచ్చేశాను.

ఆ మధ్య మా ఆయన ఒక పని చేసేవారు. కొత్త పెట్టెలు వచ్చినప్పుడల్లా విప్పి, అన్నిటిలోకీ మంచి వాషర్లు ఏరి, కౌంటరు సొరుగులో వేరే పెట్టెలో దాచేవారు. ఎవరికని నేను అడగలేదు.

మరుసటి ఏడు ఒక ఉదయం అన్నయ్య కారు మా దుకాణం ముందు ఆగింది. ఒక లారీ క్లీనరు బకెట్లు తీసుకుని అప్పుడే మెట్లు దిగుతున్నాడు. అన్నయ్య లోపలికి వచ్చి, కౌంటరు మీద చెయ్యి ఆనించి, వెనక చక్రాలకి బకెట్లు కావాలన్నాడు. మా ఆయన ఒక్క క్షణం ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడి, గబగబా సొరుగు లాగి, ఏరి దాచిన పెట్టె బయటికి తీశారు.

"అదొద్దు బావా. మనోళ్లకని దాసింది నాకొద్దు. ఇప్పుడా లారీవోడికి ఏటిచ్చినావో, అదే నాకూ ఇయ్యి."

వాడి గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది. మా ఆయన పెట్టె సొరుగులో పెట్టేసి, ముందు అరలో వరసలోంచి తర్వాతి పెట్టె తీసి వాడి ముందు ఉంచారు. అన్నయ్య దాన్ని జేబులో వేసుకోలేదు. మూత తీసి, వాషర్లు కౌంటరు మీద పరిచి, ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూసి, గోటితో నొక్కాడు. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా తిరగదేమో, ఎడమ చేత్తో నొక్కుతున్నాడు. వాడలా చూసుకోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. మా ఆయన పక్కకి తప్పుకోలేదు, తల దించుకోలేదు. వాడు చివరిదాకా చూసుకునేంత వరకు ఎదురుగా నిలబడే ఉన్నారు.